శౌరయ్య సంతకం పెట్టిన బస్సు

పొద్దున్నే ఎనిమిదింటికల్లా శౌరయ్య ఆటోనగర్ షెడ్డులో సైకిలు నిలబెట్టి, అన్నం కారియర్ మేకుకి తగిలించి, సుత్తి అందుకునేవాడు. కాకినాడలో మెకానికల్ ఇంజనీరింగు చదివి, మద్రాసు లారీల ఫ్యాక్టరీలో నాలుగేళ్ళు చేసి, బస్సులకి బాడీలు కట్టే ఈ షెడ్డుకి ఇంజనీరుగా వచ్చాడు. బండి అడుగున ఉండే ఇనప చట్రం, అదే ఛాసిస్, దాని పొడుగునా సుత్తితో తట్టుకుంటూ పోయేవాడు. గంటలా మోగిందా, బండి రోడ్డెక్కొచ్చని సంతకం. లేదా, వెనక్కి. అంత నిఖార్సయిన మనిషండీ!

ఆయన చివరగా సంతకం పెట్టిన బండికీ ఆయన ఒంటికీ దెబ్బ ఒకటే. పామర్రు దగ్గర బస్సు మైలురాయికి గుద్దుకుంటే ఇక్కడ ఆయన భుజం చిట్లింది. ఇక్కడ ఆయన గడ్డం గీసుకుంటూ తెగ్గోసుకుంటే అక్కడ బస్సు రంగు లేచింది. ఇంకో బండికి సంతకం పెడితే పాతదానితో సంబంధం తెగిపోయేది. భార్య అమలమ్మ టింక్చరు సీసా ఎప్పుడూ అందుబాటులో పెట్టేది, అంతే.

డెబ్బై నాలుగులో, గుణదల మాత తిరనాళ్ళ ముందర, షెడ్డు యజమాని తిరుపతిరావు ఓ పాత లారీ ఛాసిస్ మీద బస్సు కట్టించాడు. ఉయ్యూరు ఫ్యాక్టరీకి చెరుకు మోసీ మోసీ నడుం పగిలిన ఛాసిస్ అది. పగులు మీద ఇనప పట్టీ అతికి నల్లరంగు పూశారు. కంకిపాడు నుంచి నలభై మంది తిరనాళ్ళకి ఆ బస్సే మాట్లాడుకున్నారు.

శౌరయ్య తట్టాడు. మోగలేదు.

"సంతకం పెట్టనండీ. దారిలో రెండు ముక్కలవుద్ది. అందరూ బందరు కాలవలో పడతారు."

"మీ వాళ్ళేగా శౌరయ్యా, మాత చూసుకుంటదిలే."

"మాత వెల్డింగు చెయ్యదండీ."

తిరుపతిరావు కనుసైగ చేశాడు. ఆయన మనిషి హనుమయ్య జాకీ రాడ్డుతో పక్కటెముకల మీద ఒక్కటిచ్చాడు. శౌరయ్య నోట్లోంచి నెత్తురొచ్చింది. రెండో దెబ్బకి గుర్తొచ్చింది. ఇంతకుముందు సంతకం పెట్టిన బస్సు ఈ వేళప్పుడు జనంతో బందరు రోడ్డు మీద ఉంటుంది.

"ఆగరా! కాయితం ఇటివ్వండి," అని గబగబా గీకేశాడు.

తిరుపతిరావు నవ్వుతూ కాయితం మడిచాడు. ఆయన తెల్ల చొక్కా మీద శౌరయ్య నెత్తురు ఉమ్మాడు.

"ఏం హనుమయ్యా, అయ్యగారి చొక్కా పాడైనా చూస్తూ నుంచున్నావే! నీ చేతిలోది రాడ్డా, చెరుకు గడా?" అని రెచ్చగొట్టాడు.

హనుమయ్యకి ఒళ్ళు తెలీలేదు. మోకాలి కింద కొట్టాడు. ఎముక ఫెళ్ళుమంది. షెడ్డు బయట కొత్త బస్సు ముందు ఇరుసు కూడా ఫెళ్ళుమంది.

"ఒరే ఆపరా! బండిరా అది, బండి!" అని ఆ సంగతి ఎరిగిన తిరుపతిరావు గావుకేకలు పెట్టాడు. చెయ్యి లేచాక హనుమయ్యకి చెవులు పనిచెయ్యవు. రెండో కాలు. వెనక చక్రాలు ఊడి దొర్లిపోయాయి. తల. అద్దాలన్నీ భళ్ళున రాలాయి. శౌరయ్య నేల మీద బోర్లా తిరిగి తనే నడుం చూపించాడు. ఆ దెబ్బకి పట్టీ చిరిగి బస్సు రెండు ముక్కలైంది.

తిరనాళ్ళ రోజున కంకిపాడు జనం కాలినడకన శౌరయ్య ఉన్న ఆస్పత్రి కిటికీ పక్కనుంచే పోయారు.

"బస్సు నాశనం చేశాడంట ఎవడో ఇంజనీరు! వాడి చేతులు పడిపోను, నా కాళ్ళు బొబ్బలెక్కినయ్యి!" ఓ ముసలమ్మ గొంతు. వెనక పిల్లలూ పెద్దలూ అందుకున్నారు.

అమలమ్మ విసురుగా లేచింది. నడుం కింద స్పర్శ లేని శౌరయ్య ఆమె చెంగు పట్టుకుని ఆపాడు.

"ఉండవే, తిట్టనీ. ఎంతమంది గొంతులున్నయ్యో విను."