నీళ్ళు పట్టేది ఎవరు

కూతురు సాయిప్రియ కక్కిన దుప్పటిని కమలాకుమారి మూడోసారి ఉతుకుతోంది. ఐదేళ్ళ పిల్లకీ, అత్తగారు సీతారావమ్మకీ, భర్త కుటుంబరావుకీ నిన్నటినుంచీ వాంతులు, విరేచనాలు. తన కడుపులోనూ తిప్పుతూనే ఉంది గానీ, ఆ సంగతి అడిగినవాళ్ళు లేరు. "వంటింట్లో శుభ్రం లేకపోతే ఇంతేనమ్మా" అంది అత్తగారు మంచంమీంచే. జగ్గయ్యపేటలో ఈ ఇంటికి కాపురానికొచ్చి పదేళ్ళు. తెల్లారకముందే కుళాయి దగ్గర నిలబడి బిందెలన్నీ పట్టేది తనే. వారం కిందటే చెప్పింది, నీళ్ళు మురుగువాసన వస్తున్నాయండీ అని. "వానాకాలం నీళ్ళు అలాగే ఉంటాయి. నీకు అన్నీ వాసనలే!" అని నవ్వి కొట్టుకి వెళ్ళిపోయాడు కుటుంబరావు. ఆ నవ్వుకి తన ముక్కునే తను నమ్మడం మానేసింది. ఆ నీళ్ళే వడగట్టి పిల్లకి పట్టింది.

మధ్యాహ్నానికి సాయిప్రియ కళ్ళు లోపలికి పోయాయి. భుజాన వేసుకుని బస్సెక్కి నందిగామ ఆసుపత్రికి పరిగెత్తింది. సెలైన్ ఒక్కో చుక్కా దిగుతుంటే చూస్తూ కూర్చుంది. మర్నాడు పొద్దున పిల్ల కళ్ళు తెరిచి "అమ్మా, ఇడ్లీ" అంది. కమలాకుమారి మంచం పట్టీ మీద తల ఆనించి ఏడ్చేసింది.

ఇంటికొచ్చేసరికి ఆరోగ్యకేంద్రం నర్సమ్మ ఫ్లోరెన్స్ అరుగు మీద కూర్చుని రాసుకుంటోంది. ఆ వీధిలో అప్పటికే పదకొండు ఇళ్ళలో జబ్బు. "నీళ్ళెలా ఉంటున్నాయండి?" అని అడిగితే, "బాగానే ఉంటున్నాయండి" అన్నాడు కుటుంబరావు నీరసంగా. ఫ్లోరెన్స్ రాయడం ఆపి లోపలికి చూసింది.

"ఇంట్లో నీళ్ళు పట్టేది ఎవరండి?"

ఈ పదేళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదు. కమలాకుమారి గుమ్మంలోకి వచ్చి చెప్పడం మొదలుపెట్టింది. తర్వాత ఆగలేదు. మొదటి రెండు బిందెలు నల్లగా వస్తాయనీ, వీధి మధ్య మురుగుకాలవ మీది కల్వర్టుకి అవతలి ఇళ్ళలో వాసనా లేదు, జబ్బూ లేదనీ, కుళాయి దగ్గర ఆడవాళ్ళంతా ఇదే అనుకుంటున్నారనీ చెప్పింది. చెప్పడమే కాదు, ముందు నడిచి కల్వర్టు చూపించింది. అక్కడ తవ్వితే మురుగుకాలవలోంచి వెళ్ళే మంచినీళ్ళ పైపు పగిలి ఉంది.

కొత్త పైపు వేశారు. క్లోరిన్ కలిపారు. వారం తిరిగేసరికి వీధిలో కొత్తగా ఎవరూ జబ్బు పడలేదు. సాయిప్రియ మళ్ళీ వీధంతా గెంతుతోంది. తన ముక్కు తప్పు చెప్పలేదన్న సంగతి కమలాకుమారికి గుండెల్లో చల్లగా ఉంది.

ఫ్లోరెన్స్ చిన్న సీసా పట్టుకుని మళ్ళీ వచ్చింది. రోజూ పొద్దున్నే నీళ్ళు రాగానే నాలుగుచోట్ల పట్టి, ఇందులోవి రెండు చుక్కలు వెయ్యాలి, పసుపురంగు వస్తే క్లోరిన్ ఉన్నట్టు, ఎవరు చూస్తారు అని అడిగింది. అరుగు దగ్గర చేరిన మగవాళ్ళంతా కుటుంబరావు వైపు చూశారు.

"నేను చూస్తా" అని సీసా అందుకుంది కమలాకుమారి.

"పొద్దున్నే నువ్వు వీధులు తిరిగితే కాఫీ ఎవరు పెడతారు?" అన్నాడు కుటుంబరావు.

"నీళ్ళు మంచివని నేనొచ్చి చెప్పాక పెట్టుకోండి" అంది.