ఎవరూ వాడని ఫైలు

నాగాయలంకలో రాజకుమారి గారి చెరువులో చచ్చి తేలిన రొయ్యలను కూలీలు వలలతో తోడుతుంటే, ఆ చెరువు కంప్యూటరు పనులు చూసే ఫిలిప్ గట్టు మీద షెడ్డులో కంప్యూటరు ముందు కూర్చున్నాడు. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే మోగాల్సిన అలారం నిన్నటి నుంచి మూగబోయింది.

కారణం అయిదు నిమిషాల్లో దొరికింది. నిన్న మేత వేళలు చూపే పాత ప్రోగ్రాం తీసేసింది తనే. దానితోపాటు ఒక ఫైలూ పోయింది. అలారం నడిచేదీ ఆ ఫైలు మీదే. ఆ సంగతి కంప్యూటరుకెలా తెలుస్తుంది? రెండేళ్ల క్రితం, ఫైలు ఎలాగూ ఉంది కదా అని, బందరు బస్సు వెళ్లిపోతుందన్న తొందరలో, ఇన్‌స్టాలర్‌తో ఆ ఫైలు దీనికీ కావాలని కంప్యూటరు లెక్కలో రిజిస్టర్ చెయ్యకుండా అలారాన్ని ఉత్తినే కాపీ చేసి పెట్టిన మహానుభావుడూ తనే.

రాజకుమారి గారు తడి చేతులతో లోపలికి వచ్చారు. ఫిలిప్ ఏదీ దాచకుండా చెప్పాడు. ఆవిడ కేకలు వెయ్యలేదు. వేసినా బాగుండేది.

"అయితే బాబూ, తీసేముందు ఇంకెవరైనా దాన్ని వాడుతున్నారా అని ఆ కంప్యూటరు ఒక్క మాట అడగదా?"

ఫిలిప్ తల ఎత్తలేదు.

"అడిగిందండీ. ఎవరూ లేరని నేనే చెప్పాను."