పెద్దమ్మ గొంతు

"గ్రూపులోంచి ఆ మెసేజి తీసెయ్యమంటే తీసెయ్యవేంది? ఇట్టియ్యి ఫోను, నేను తీస్తా," శ్రీకాంత్ మళ్లీ చెయ్యి చాచాడు.

నిరోష ఫోను ఒళ్లోంచి కదపలేదు. "లేచిన కాడి నుంచీ అదే మాట. పూర్తిగా విననీండి ముందు."

"విన్నాం గదా. వాడి ఏడుపు ఎన్నిసార్లు వినేది?"

ఇడ్లీలు చల్లారిపోయాయి. మామ రామనారాయణ పేపరు మడిచి పక్కన పెట్టాడు. అత్త మాలకొండమ్మ రోజూ వేసుకునే షుగరు మాత్ర నోట్లో వేసుకుని నీళ్లు తాగింది.

నిరోష బిడ్డ పుట్టి ఇంట్లో ఉన్న రోజుల్లో ఆడవాళ్ల కోసం ఆ వాట్సాప్ గ్రూపు మొదలుపెట్టింది. ఉదయగిరి నుంచి సోమశిల దాకా జనం చేరారు. పిల్లల జ్వరాలు, కుట్టుమిషను రిపేర్లు, రక్తం కావాలనే కబుర్లు అన్నీ అందులోనే. చాలామందికి రాయడం రాదు కాబట్టి నోటితో చెప్పి పంపుతారు. ఎవరూ సరుకు అమ్మకూడదన్నది ఆమె పెట్టిన నియమం.

గ్రూపు పెద్దదయ్యాక, ఎరువుల కొట్టు నడిపే శ్రీకాంత్ ఉదయగిరి కొండ మూలికల పొడికి ఏజెన్సీ తీసుకున్నాడు. షుగరుకు మందన్నారు. డబ్బా తొమ్మిది వందల యాభై. "నిన్ను అమ్మమన్నానా? వాడినోళ్లు చెప్పుకుంటే తప్పేంది?" అన్నాడు. పొడిని పొగిడే కొత్త నెంబర్లు వచ్చాయి. అందులో 'ఉదయగిరి లక్ష్మి' అతని రెండో సిమ్. ఆ ఫోను కొట్లో పనిచేసే పిల్ల దగ్గర ఉంటుంది, గొంతూ ఆ పిల్లదే. చివరికి అందరూ పెద్దమ్మ అని పిలిచే తన తల్లి చేత కూడా చెప్పించాడు, పొడి తాగినాక మాత్రల అవసరమే లేదని. కొండాపురం శీనమ్మ, "ఈ పొడి అమ్మేది మీ ఇంటాయనేనా తల్లీ?" అని అడిగినప్పుడు, మొగుడు చెప్పాడని నిరోషే ఆమెను గ్రూపులోంచి తీసేసింది.

ఈ పొద్దు వచ్చింది వెంగమ్మ నెంబరు నుంచి. వాళ్లది సోమశిల నీళ్లలో చేపలు పట్టే కుటుంబం. వెంగమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని వీళ్లింటికీ చేపలు తెచ్చేది. ఆ పొడి డబ్బా ఖరీదు ఆమెకు మూడు రోజులు తిరిగి అమ్మిన సంపాదన. ఫోనులో మాట్లాడింది మాత్రం ఆమె మొగుడు హుసేనయ్య. నిరోష మళ్లీ మొదటి నుంచి పెట్టింది.

"అమ్మా, నేను హుసేనయ్యని. మా ఆడమనిషికి మోకాలి కింద కాలు తీసేసినారు. మాత్రలు మానేసి పొడి తాగినాది. పెద్దమ్మ చెప్పినాది గదా. ఆమె గొంతు మాకు తెలుసు, అబద్ధం చెప్పే మనిషి గాదు. పెద్దమ్మకి తగ్గినాది, మా దానికి తగ్గలా. కలిపేదాంట్లో మేమేమన్నా తప్పు చేసినామా అమ్మా? నీళ్లలో కలపకూడదా?"

"నేనేమన్నా మాత్రలు మానెయ్యమన్నానా?" అంది మాలకొండమ్మ. "అవసరం లేదన్నా. అంతేగా."

"ఒక బియ్యం మూట పంపించురా. ఊరుకుంటారు," అన్నాడు రామనారాయణ.

శ్రీకాంత్ కొట్లో పిల్లకు ఫోను చేసి రెండు ముక్కలు చెప్పాడు. కాసేపటికి గ్రూపులో లక్ష్మి పలికింది. "తాగేటప్పుడు చేపలు తిన్నారేమో అన్నా. కొండమందుకి పథ్యం తప్పితే ఎదురు తిరగదా?"

చేపలు పట్టేవాళ్లింట్లో చేప లేని పూట ఉండదని శ్రీకాంత్‌కు తెలుసు. పథ్యం మాట రాగానే గ్రూపు కదిలింది. మా అవ్వ వంకాయ కూడా ముట్టనిచ్చేది కాదని ఒకామె. నోరు కట్టుకోలేనోళ్లకి మందెందుకని ఇంకొకామె.

మాలకొండమ్మ ముఖం తేటపడింది. "నేననుకుంటానే ఉండా. వాళ్లకి నోరాగదు."

"బాగా చెప్పించినావురా," అంటూ రామనారాయణ ఇడ్లీ తుంచాడు.

హుసేనయ్య జవాబు వచ్చింది. వెనకాల ఆడమనిషి ఏడుస్తోంది. "అట్టనా అమ్మా. మాకెవరూ చెప్పలా. తిన్నది నిజమే. ఏడవమాకే, తప్పు మనదే. అమ్మా, రెండో కాలి వేలు గూడా నల్లబడతా ఉండాది. ఆస్పత్రి మాత్రలు ఆపేస్తాం. ఈసారి చేప ముట్టనియ్యను. ఇంకో డబ్బా పంపించండమ్మా."

శ్రీకాంత్ నవ్వాడు. "చూసినావా, పోయిన గిరాకీ తిరిగొచ్చింది. ఇంక తీసే పనే లేదులే."

నిరోష ఫోను మీద ఏదో నొక్కింది. తర్వాత దాన్ని కంచాల మధ్య పెట్టింది.

"గ్రూపులో ఇప్పుడు నేను తప్ప ఎవరూ మాట్లాడేదానికి లేదు," గొంతు పెంచకుండా చెప్పింది. "లక్ష్మి ఎవరో, పొడి ఎవరిదో చెప్పబోతుండా. అత్త ఒక్క రోజు గూడా మాత్ర మానలేదని చెప్తా. శీనమ్మని తీసేసింది నేనేనని చెప్తా. వెంగమ్మని ఇప్పుడే ఆస్పత్రికి పొమ్మంటా."

"నీకేమన్నా పిచ్చా?" శ్రీకాంత్ లేచాడు.

"ఆ మాట బయటికి పోయిందంటే, అమ్మాయ్, నీకు ఈ ఇంట్లో..." అన్నాడు రామనారాయణ.

"అనండి మామా. అది గూడా వాళ్లు విననీ."

ఆమె గ్రూపులో మైకు గుర్తును వేలితో నొక్కి పైకి జరిపింది. ఎర్ర చుక్క వెలిగింది, అంకెలు కదిలాయి. ఫోను మీదకు వచ్చిన శ్రీకాంత్ చెయ్యి గాల్లోనే ఆగింది. మాలకొండమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వెంగమ్మా," అంది నిరోష. "తప్పు నీది గాదు."