ఏటి ఒడ్డున ఈరమ్మ పాట

సాయంత్రం నాలుగు దాటింది. పొద్దటినుంచి ముసురు. ఆత్మకూరు వైపు పల్లిచేన్లో కలుపు తీసిన నలుగురు ఆడవాళ్లు కృష్ణ ఒడ్డుకు చేరారు. ఊరు ఆవలి ఒడ్డున, ధరూర్ వైపు. జూరాల ఆనకట్ట ఇంకా పూర్తికాని రోజులు. ఏరు దాటాలంటే బుట్టలాంటి గుండ్రటి పడవ, పుట్టే దిక్కు.

నలుగురిలో పెద్దది ఈరమ్మ. ఆమె పాడితే విన్నవాళ్లకు ఇంకేమీ కావాలనిపించదు. ఆకలి, నడుంనొప్పి, ఇంటి ధ్యాస అన్నీ జారిపోతాయి. ఎదుట ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది. ఒకసారి పొద్దుగూకకముందే పాడితే కూలి అడగకుండానే అందరూ ఇళ్లకు నడిచారు.

"ఆసామికి మాత్రం ఆ పాట మస్తు నచ్చిందవ్వా" అని బాలనాగమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

పుట్టి నడిపే నాగప్ప తువ్వాలతో చెవులు గట్టిగా చుట్టుకున్నాడు. ఈరమ్మ ఉంటే ఎప్పుడూ అంతే. పాట వింటే తెడ్డు వెయ్యబుద్ధి కాదట.

"ఎక్కుండ్రి! ఏరేం పెద్దగ లేదు."

ఇంటికి పోవాలన్న తొందరలో అందరికీ అట్లాగే కనిపించింది. కాంతమ్మ బిడ్డ జములమ్మకైతే మరీ. ఇంట్లో చంటిపిల్ల. పాలు చేపుకొచ్చి రవికె తడిసింది.

కాంతమ్మ నీళ్లకేసి చూసింది. పొద్దున కాలుపెట్టి దిగిన బండ నీళ్లలో మునిగిపోయింది.

"బిడ్డా, జర ఆగు."

"ఏందమ్మా ఆగేది? పిల్ల ఏడుస్తుంటది." జములమ్మ పుట్టిలో ఒక కాలు పెట్టింది.

కాంతమ్మ ఈరమ్మ చెయ్యి పట్టుకుంది. "అవ్వా, పాడు."

"వద్దు. బువ్వ మీద ఆశ పోతే మల్లొస్తది. గింత పెద్ద ఆశ పోతే వస్తదో రాదో నాకు తెల్వదు."

"నా బిడ్డ మునిగిపోతదవ్వా. పాడు."

ఈరమ్మ పాడింది. మాటల్లేవు. రాగం ఒక్కటే.

జములమ్మ కాలు వెనక్కి తీసుకుంది. అందరికీ ఏరు ఏరులాగే కనిపించింది. దానికి కోపం లేదు, దయ లేదు. ఆకలి ఒక్కటే ఉంది.

"మీ ఖర్మ!" అని నాగప్ప ఒక్కడే పోయాడు. నడి ఏట్లో పుట్టి బోర్లపడింది. ఒడ్డున ఎవరూ అరవలేదు. పాట ఇంకా ఆగలేదు.

తెల్లారి ఏరు తగ్గాక వేరే పుట్టి వచ్చింది. సగం దూరం పోయాక బాలనాగమ్మ ఆకలన్నది. కాంతమ్మకు అప్పుడు నాగప్ప గుర్తొచ్చి ఏడుపొచ్చింది. జములమ్మ నీళ్లకేసే చూస్తూ కూర్చుంది.

ఇంట్లో అత్త పిల్లను తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. పిల్ల గుక్కపట్టింది. జములమ్మ దాని ముఖం చూసింది, నిన్న ఏటిని చూసినట్టే. రవికె పొడిగా ఉంది.

కాంతమ్మ గడపలో కూర్చుని, క్షేమంగా వచ్చినవాళ్లకు వేళ్లు మడిచింది. ఈరమ్మ వచ్చింది. బాలనాగమ్మ వచ్చింది. తను వచ్చింది. నాగప్ప రాలేదు.

తర్వాతి వేలు జములమ్మది. లోపల పిల్ల ఏడుస్తూనే ఉంది. కాంతమ్మ ఆ వేలు మడవలేకపోయింది.