విట్బీకి బ్రేక్‌డౌన్

హెడ్లీ థ్రోసెల్ దగ్గర పందొమ్మిది వందల యాభై నాలుగు నాటి లార్క్‌ఫీల్డ్ కారు ఒకటుంది. మీగడ రంగు ఒళ్ళు, ఎర్రతోలు సీట్లు. యార్క్‌షైర్ కొండల దిగువన ఉన్న ఆ ఊళ్ళో దాన్ని తెలియనివాళ్ళు లేరు. తెలియకుండా ఎలా ఉంటారు, అందరూ ఎప్పుడో ఒకప్పుడు దాన్ని తోసినవాళ్ళే.

"చెడిపోవడం కాదది, కాస్త అలుపు తీర్చుకుంటోందంతే," అనేవాడు హెడ్లీ.

ఈ అలుపు సంగతి ఏప్రిల్‌లో ముదిరింది. పాత పోస్ట్‌మాస్టర్ చనిపోతే శవపేటిక బండి వెనకాలే హెడ్లీ కారు బయల్దేరి, ఇరుకు సందులో సరిగ్గా మధ్యలో ఆగిపోయింది. చనిపోయినాయన చర్చికి వేళకే చేరాడు. కొడుకులూ కోడళ్ళూ మాత్రం కారు వెనక ఇరుక్కుపోయి, నల్లబట్టల్లో కంచెలు దూకి వచ్చారు. పెద్దకోడలి టోపీ ముళ్ళకంపలోనే ఉండిపోయింది.

ఆ సాయంత్రం హెడ్లీ భార్య బెరిల్ టీ కప్పు బల్లమీద ఠంగుమనిపించింది. "చూడు హెడ్లీ, దారిలో చెడితే కంపెనీవాళ్ళు వచ్చి ఆదుకునేలా బ్రేక్‌డౌన్ కవర్ తీసుకుంటావా, లేకపోతే నన్నిక ఆ కారెక్కమనడం మానేస్తావా? రెంట్లో ఏదో ఒకటి తేల్చు."

హెడ్లీ దృష్టిలో కవర్ తీసుకోవడమంటే కారుని అనుమానించడమే. అయినా భార్య మొహం చూసి ఫోన్ అందుకున్నాడు.

మొదటి కంపెనీ అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. "మా మెకానిక్ వచ్చి కంప్యూటర్ తగిలిస్తాడండీ. మీ కార్లో దానికి సాకెట్ ఎక్కడుంది?"

"సిగరెట్ వెలిగించుకోడానికే సాకెట్ లేదమ్మా మా కార్లో," అని పెట్టేశాడు.

రెండో కంపెనీవాళ్ళు తాడు కట్టి లాక్కెళతామన్నారు. మెడకి తాడేసి సంతకి తోలుకుపోయినట్టు! అదీ కుదర్లేదు. మూడో కంపెనీ గుర్తు పసుపు బాతు. వాళ్ళ అబ్బాయి కారుని లారీమీదకి ఎక్కించి, దుప్పటి కప్పి మరీ తీసుకెళతామన్నాడు. దుప్పటి మాట వినగానే హెడ్లీ మెత్తబడ్డాడు.

బెరిల్ ఫోన్ లాక్కుంది. "మరి మనుషుల్నో?"

"మిమ్మల్నీ తీసుకెళతామండీ. ఈ దేశంలో మీరెక్కడికంటే అక్కడికి."

"ఎక్కడికంటే అక్కడికేనా?"

"అక్షరాలా."

బెరిల్ వెంటనే ఆ కవర్‌కి ఒప్పేసుకుని, కిటికీలోంచి తూర్పువైపు కొండలకేసి చూస్తూ నిలబడింది. ఆ కొండల అవతల, విట్బీ రేవులో, ఆమె అక్క విన్నీ ఉంటుంది. కొండదారి నిటారుగా ఉంటుంది కాబట్టి హెడ్లీ ఏనాడూ కారుని అటు ఎక్కించలేదు. చుట్టుదారిన వెళితే రోజంతా పడుతుందని ఏడాదికోసారి, క్రిస్మస్‌కి మాత్రమే తీసుకెళ్ళేవాడు.

మే నెలలో పాలకేంద్రం దాటాక కారు ఆగింది. బాతు బొమ్మ లారీ వచ్చింది. నడిపేది జాస్లిన్ అని బలమైన మనిషి, అందర్నీ బంగారం అనే పిలుస్తుంది.

"ఎక్కడ దించమంటారు బంగారం?"

హెడ్లీ ఇల్లు అనబోయాడు.

"విట్బీలో," అంది బెరిల్.

లారీ ముందుసీటు ఎత్తుగా ఉంది. లార్క్‌ఫీల్డ్‌లో కూర్చుంటే ఆమెకి కనపడేవి కంచెలూ, ముందు లేచే ఆవిరీ. ఇప్పుడు కంచెల అవతల గొర్రెలు, వాటి అవతల పసుపు పూల పొదలు, చివర్న ఒక గీతలాగా సముద్రం. దారంతా జాస్లిన్‌తో కబుర్లే కబుర్లు. హెడ్లీ మధ్యలో ఇరుక్కుని, వెనక దుప్పటి ఎగిరిపోతోందేమోనని మెడ తిప్పి చూస్తూ కూర్చున్నాడు.

అదయ్యాక కారు చెడినప్పుడల్లా బెరిల్ విట్బీయే అంది. అక్కడ విన్నీ పెరట్లో హెడ్లీ దాన్ని బాగుచేసేవాడు, చుట్టుదారిన ఇంటికొచ్చేవాళ్ళు. కొన్నాళ్ళకి ఆమె ఏ షికారుకైనా రాత్రి గౌను, చెప్పులు, అక్కకిష్టమైన జామ్ సీసా సంచిలో వేసుకుని కారెక్కడం మొదలెట్టింది. ఇంజను సాఫీగా సాగితే మొహం మాడ్చుకునేది.

"ఇవాళేంటి ఇంత హుషారుగా ఉంది?" అని అడిగేది, ఇంటికొచ్చిన చుట్టం కదలనంటే విసుక్కున్నట్టు.

సెప్టెంబర్‌లో పాస్కో అనే ఆయన తలుపు తట్టాడు. సన్నగా, బూడిదరంగు సూటులో ఉన్నాడు. బాతు కంపెనీ విచారణాధికారి.

"థ్రోసెల్ గారూ, మీ కారెప్పుడు చెడినా విట్బీకే వెళుతోంది. అదీ శుక్రవారాలే. ఎందుకంటారు?"

శుక్రవారం విన్నీ ‘చేపల పై’ అని చేపలు కూరి ఓవెన్‌లో కాల్చే వంటకం చేస్తుంది, అందుకే బెరిల్ షికార్లన్నీ శుక్రవారాలే పెట్టేది. ఆ మాట ఎలా చెప్పడం?

"శుక్రవారాలు దానికి ఒంట్లో బాగుండదండీ," అంది బెరిల్.

పాస్కో నవ్వలేదు. "కారు బాగానే ఉండి మీరు చెడిందన్నారనుకోండి, అది మోసం కిందికొస్తుంది."

హెడ్లీ చెవులు ఎర్రబడ్డాయి. మోసమా! తను జీవితంలో బస్ టికెట్ కూడా ఎగ్గొట్టలేదు. నిజాయితీ నిలబెట్టుకోవాలంటే ఇప్పుడు ఒకటే దారి.

"అది నిజంగానే పనికిమాలిన బండి సార్," అన్నాడు. అనేసి గారేజీవైపు చూశాడు, విన్నదేమోనని. "రండి, కార్లో కూర్చోండి. చెడిపోకపోతే నన్నడగండి."

ఆ రోజూ శుక్రవారమే. పాస్కో తన కారు వాళ్ళ గుమ్మం ముందే వదిలి వెనకసీట్లో కూర్చున్నాడు. తాళం తిప్పగానే లార్క్‌ఫీల్డ్ అందుకుంది. పాలకేంద్రం దాటింది, ఆగలేదు. నాలుగురోడ్ల కూడలి వచ్చింది, అక్కడా ఆగలేదు.

"సాధారణంగా ఇక్కడ ఆగుతుందండీ," అన్నాడు హెడ్లీ, చెమట తుడుచుకుంటూ.

"ఊఁ," అన్నాడు పాస్కో.

ఇక మిగిలింది కొండదారి. అక్కడ తప్పక చస్తుందనుకుని హెడ్లీ అటు తిప్పాడు. మొదటి మలుపులో గొంతు మార్చింది. రెండో మలుపులో వణికింది. హెడ్లీ లోపల రెండు ప్రార్థనలు ఒకేసారి మొదలయ్యాయి, ఒకటి ఆగిపొమ్మని, ఒకటి ఆగొద్దని. కారు దేన్నీ లెక్కచెయ్యలేదు. పక్కన ఒక కొత్త జీపు ఆవిరి కక్కుతూ నిలబడి ఉంటే దాన్ని దాటుకుంటూ పైకి ఎక్కేసింది.

"ఎక్కింది!" అని హెడ్లీ కేక పెట్టాడు. కళ్ళు చెమర్చాయి. "బెరిల్, చూశావా? ఎక్కింది!"

"చూశాన్లే, నోర్ముయ్. ఆయన రాసుకుంటున్నాడు," అని గొణిగింది బెరిల్.

విట్బీలో విన్నీ గుమ్మం ముందు దిగాక పాస్కో ఫోన్ తీసి, ఈ కారు కవర్ తక్షణం రద్దు చెయ్యమని ఆఫీసుకి చెప్పాడు.

"చేసుకోండి," అన్నాడు హెడ్లీ గర్వంగా. "దానికి మీ కవర్ అవసరమే లేదు!"

"సరే, నన్ను మీ ఊళ్ళో దింపండి. నా కారక్కడుంది."

హెడ్లీ తాళం తిప్పాడు. టక్కుమంది. మళ్ళీ తిప్పాడు. ఆ టక్కు కూడా లేదు.

"చెడింది!" హెడ్లీ బయటికి దూకాడు. "ఇప్పుడు రాసుకోండి సార్! చూడండి, ఎంత బాగా చెడిందో!"

పాస్కో తన కంపెనీకే ఫోన్ చేశాడు. అవతల అమ్మాయి కంఠం అందరికీ వినపడింది. "క్షమించండి సార్, ఆ కారుకి కవర్ లేదు. ఇప్పుడే రద్దయింది. రద్దు చేసింది పాస్కో అనే ఆయన."

"ఆ పాస్కో నేనే!"

"మరి మీకు తెలిసే ఉంటుంది కదండీ."

విన్నీ గుమ్మంలోంచి తొంగిచూసింది. "వాదనలు తర్వాత. చేపల పై చల్లారిపోతోంది. ఆ బక్కాయన్ని కూడా రమ్మను."

పాస్కో మొదటి ప్లేటు కోటు బొత్తాలు పెట్టుకునే తిన్నాడు. రెండో ప్లేటుకి కోటు విప్పాడు. ఇంకొంచెం వడ్డించేసరికి ఆయనలో ఏదో కరిగింది. విన్నీ కొడుకు వదిలేసిపోయిన లాప్‌టాప్ తెప్పించుకుని, ఊళ్ళో ఉన్న కంపెనీల షరతులన్నీ తెరిచి, వంటింటి బల్లదగ్గరే పాఠం మొదలెట్టాడు.

"వీళ్ళు వద్దు, ఇంటి దగ్గర చెడితే రారు. వీళ్ళూ వద్దు, పాత బండంటే విడిభాగాలు లేవని తప్పించుకుంటారు. ఇదిగో, ఈ కుందేలు బొమ్మవాళ్ళని తీసుకోండి. లారీ ఉంది, దుప్పటి ఉంది, ఎక్కడికంటే అక్కడికి తీసుకెళతారు."

"మీ బాతుకంటే ఇందులో ఎక్కువేముంది?" అని అడిగాడు హెడ్లీ.

పాస్కో గొంతు తగ్గించాడు. "వాళ్ళ దగ్గర నాలాంటివాళ్ళు లేరు."

హెడ్లీ అక్కడికక్కడే కుందేలు కవర్ తీసుకున్నాడు. అది అమల్లోకి రావడానికి రెండు వారాలు పడుతుంది. పాస్కో మర్నాడు బస్సులో వెళ్ళిపోయాడు, విన్నీ కట్టిచ్చిన పై ముక్క ఒళ్ళో పెట్టుకుని. ఆయన వెళ్ళాక హెడ్లీ బానెట్ ఎత్తి చూస్తే, బ్యాటరీ తీగ ఒకటి వదులైందంతే. బిగించగానే ఇంజను గుర్రుమంది.

"ఇక బయల్దేరదామా?" అంది బెరిల్ నీరసంగా.

హెడ్లీ కాసేపు ఇంజను వింటూ నిలబడ్డాడు. ఆ తర్వాత ఆపేసి బానెట్ మూశాడు.

"కవర్ లేకుండానా? పిచ్చా ఏమన్నా? రెండు వారాలు ఇక్కడే ఉందాం."

బెరిల్ ఆయన బుగ్గమీద ముద్దుపెట్టి, సంచిలోంచి రాత్రి గౌను తీసి విన్నీ అలమరాలో తగిలించడానికి వెళ్ళింది. హెడ్లీ పాత దుప్పటొకటి అడిగి తెచ్చి కారుకి కప్పాడు. సముద్రపు గాలికి అంచులు ఎగరకుండా నాలుగు మూలలా రాళ్ళు పెట్టాడు.