వెనక సీటులో బరువు

లాగోస్‌లో ఒజోటా బస్టాండు నుంచి ఇబాదాన్ వెళ్ళే బస్సులకు టైమంటూ ఏమీ లేదు. సీట్లన్నీ నిండితేనే కదులుతాయి. నిండేదాకా డ్రైవర్లు అకారా బజ్జీలు తింటూ, ఒకరి బండిని ఒకరు వెక్కిరించుకుంటూ చెట్టు కింద తీరిగ్గా కూర్చుంటారు. నిండిందా, ఎక్కడలేని తొందరా పుట్టుకొస్తుంది. చెట్టు కింద పోగొట్టుకున్న టైమంతా ఎక్స్‌ప్రెస్‌వే మీద రాబట్టుకోవాలని చూస్తారు. ఇన్నేళ్ళుగా ఆ దారిన తిరుగుతున్నా ఈ లెక్క నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆ ఉదయం గనియు బస్సులో ఒక్క సీటే ఖాళీ. మామూలు రోజైతే ఇంకో బజ్జీ తినేవాడు. కానీ ఆ రోజు ఇబాదాన్‌లో అతని కూతురికి పేరు పెడుతున్నారు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు పుట్టిన పిల్ల. పదకొండింటికల్లా తండ్రి రాకపోతే తానే పేరు పెట్టేస్తానని మామగారు ఫోన్లో చెప్పేశాడు. ఆయన అనుకున్నది తన తల్లి పేరు. ఆ తల్లి గయ్యాళితనం వాళ్ళుండే మొలెటె వీధి వీధంతా చూసిందే.

"ఇబాదాన్, ఒక్కరే, ఒక్కరొస్తే కదిలిపోవడమే," అని గనియు గొంతు చించుకుంటున్నాడు.

వచ్చింది ఇయా అజోకె, నెత్తిన ఎండుచేపల బుట్టతో.

మిగతా డ్రైవర్లు మొహాలు తిప్పుకుని నవ్వుకున్నారు. ఇయా అంటే అమ్మ. వయసుకి బస్టాండందరికీ అమ్మే. మనిషి ఎండిపోయి పుల్లలా ఉంటుంది. ఆగిన బండిలో ఆవిణ్ని ఒంటిచేత్తో ఎత్తి కూర్చోబెట్టొచ్చు. బండి వేగం అందుకునేకొద్దీ మాత్రం ఆవిడ బరువెక్కుతుంది. అరవైలో మేక, ఎనభైలో ఆవు, వంద దాటితే ఏనుగు. కొందరికి బస్సెక్కితే వాంతులవుతాయి, ఆవిడకి ఇది. అందుకే డ్రైవర్లు ఆవిణ్ని ఒకరి మీదికి ఒకరు తోసేవారు.

"ఇయా, ఇవాళ్టికి నన్నొదిలెయ్. వెనక బండి ఎక్కు," అన్నాడు గనియు.

"వెనక బండివాడు ముందు బండి ఎక్కమన్నాడు నాయనా."

"నా కూతురికి పేరు పెడుతున్నారు. తొందరగా పోవాలి."

"చల్లగా బతుకుతుంది. మరి సీటు ఖాళీగానే ఉందిగా?"

కిటికీ దగ్గర కూర్చున్న టీచరమ్మకి ఓపిక అయిపోయింది. "ఎక్కించుకోవయ్యా. ఇంకాసేపు ఇక్కడే ఉంటే మేమూ ఇయాలమైపోతాం."

బస్సంతా నవ్వింది. గనియు పళ్ళు కొరుక్కుంటూ ఆవిణ్ని వెనక సీట్లో, చక్రాల మీద కూర్చోబెట్టాడు.

ఊరు దాటాక బండి మూలగడం మొదలుపెట్టింది. గనియు పెడల్‌ని అడుగుకంటా తొక్కినా ముల్లు డెబ్భై దగ్గరే ఊగిసలాడుతోంది. ఒజోటాలో వాళ్ళ వెనక నిలబడ్డ బస్సులు ఒక్కొక్కటే దాటిపోతున్నాయి. ఒక డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఇయాని దించి నువ్వు వెనక్కెళ్ళి తొయ్యి," అని అరిచి పోయాడు. షగాము దాటేసరికి మామగారి దగ్గర్నుంచి రెండుసార్లు ఫోనొచ్చింది.

"ఇయా, కాస్త తేలికవ్వరాదూ?"

"నా చేతిలో ఏముంది నాయనా? నువ్వు కాలు తియ్యి, నేను తేలికవుతాను."

"నేను కాలు తీస్తే రేపటికి చేరతాం."

"చేరతాంగా," అంది ఆవిడ.

ఓగెరె వంపు ఇవతల, రోడ్డు మీద ఆకులు కనిపించాయి.

ఆ దారిలో బండి చెడిపోతే డ్రైవరు పొదల్లోంచి కొమ్మలు విరిచి, బండికి బాగా వెనకగా పరుస్తాడు. చూసినవాడు మెల్లగా రావాలి. ఎర్ర త్రికోణం పెట్టాలని రూలుంది, పెడితే ఎవడో ఒకడు ఎత్తుకుపోతాడు. కొమ్మల్ని ఎవడూ ఎత్తుకుపోడు. వచ్చిన చిక్కల్లా, బండి బాగయ్యాక పరిచినవాడు కూడా ఎత్తడు. అందుకే ఆకులు కనిపిస్తే సగం మంది పెడల్ మీంచి కాలైనా తియ్యరు.

"ఆకులున్నాయి. మెల్లగా పోనీ," అంది టీచరమ్మ.

గనియు నవ్వేశాడు. "అవి నావే అక్కా. మొన్న సాయంత్రం టైరు పోయి వంపు అవతల ఆగాను. జీడిమామిడి కొమ్మలు నేనే విరిచాను. ముందేమీ లేదు."

నిజంగానే అతనివే. టైరు మార్చుకుని, చేతులు తుడుచుకుని, వాటిని అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. ఇప్పుడు వాటి మీదుగానే బస్సుని పోనిచ్చాడు. పెడల్ మీద కాలు అలాగే ఉంది, ముల్లు మాత్రం డెబ్భై దాటలేదు.

వంపు తిరగగానే లారీ.

రోడ్డుకి అడ్డంగా, కదలకుండా నిలబడి ఉంది. దాని వెనక చక్రాల మధ్య నుంచి రెండు కాళ్ళు బయటికి చాపి ఉన్నాయి, రబ్బరు చెప్పులతో. గనియు బ్రేకు మీద లేచి నిలబడ్డాడు. టైర్లు కాలిన వాసన వచ్చింది. బుట్ట ఎగిరి ఎండుచేపలు అందరి నెత్తిన పడ్డాయి. బస్సు ఆగింది. బంపరుకీ ఆ చెప్పులకీ మధ్య జానెడు చోటుంది.

టీచరమ్మ ఒళ్ళో పడ్డ చేపని రెండు చేతులతో పట్టుకుని అలాగే చూస్తోంది. తానున్న వేగం కాకుండా తాను కోరుకున్న వేగంతో వచ్చి ఉంటే ఏమయ్యేదో గనియు కళ్ళ ముందు మొత్తం కనిపించింది. దిగాడు. బంపరు పట్టుకుని నిలబడ్డాడు.

లారీ కింద నుంచి మనిషి పాక్కుంటూ బయటికొచ్చాడు. పాతికేళ్ళుంటాయేమో, మొహమంతా గ్రీజు. తన చెప్పుల్ని చూశాడు, బంపర్ని చూశాడు.

"ఆకులెందుకు వెయ్యలేదురా?" అని అరిచాడు గనియు. "మమ్మల్ని మనుషులనుకున్నావా, మేకలనుకున్నావా?"

"వేసే ఉన్నాయి కదన్నా," అన్నాడు వాడు. "నేను ఆగేసరికే వంపు అవతల ఎవరో పుణ్యాత్ముడు పరిచిపెట్టాడు. మళ్ళీ విరవడం ఎందుకులే అని బండి కిందికి దూరాను."

ఈ కుర్రాడు గనియు ఆకుల్ని నమ్మి వాటి అండన పడుకున్నాడు. అవి అబద్ధమని ఈ దారిలో అందరికంటే బాగా తెలిసినవాడు, వాటిని తొక్కుకుంటూ వచ్చినవాడు, తనే. రోడ్డు పక్కన కూలబడి ఏడ్చాడు. ఇంతమంది ముందు ఏడుస్తున్నానన్న ధ్యాస కూడా లేదు.

ఇయా అజోకె దిగి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసింది. ఆ చేతికి బరువన్నదే లేదు.

"లే నాయనా. వెనక ఇంకా బళ్ళొస్తున్నాయి."

అప్పుడు లేచాడు. వంపు అవతలికి పరుగెత్తి కొత్త కొమ్మలు విరిచి పరిచాడు. టీచరమ్మ తలగుడ్డ విప్పి ఊపుతూ నిలబడింది. లారీ బాగై కదిలేదాకా ఎవరూ తొందరపెట్టలేదు. బయలుదేరే ముందు గనియు కొత్తవీ పాతవీ ప్రతి ఆకూ ఏరి పొదల్లో పారేశాడు. ఇయాని ముందు సీట్లోకి మార్చుకున్నాడు. ఇబాదాన్ దాకా ఆవిడ మేకని మించి బరువెక్కలేదు.

మొలెటెలో ఇంటికి చేరేసరికి పదకొండు ఎప్పుడో దాటింది. అయినా పేరు పెట్టలేదు. పిల్లని తీసుకుని గనియు భార్య సిలిఫా లోపలి గదిలో గడియ పెట్టుకుని కూర్చుంది. వాళ్ళ నాన్న బయట తేనెగిన్నె పట్టుకుని రుసరుసలాడుతున్నాడు. పసిబిడ్డ నాలుక మీద మొదట తేనె ఎవరు రాస్తే వాళ్ళ గుణం వస్తుందని ఆ ఇంట్లో నమ్మకం.

గనియు గిన్నె అందుకుని, వెంట తీసుకొచ్చిన ఇయా చేతిలో పెట్టాడు.

"ఈవిడెవరు?" అన్నాడు మామగారు.

"ఈవిడ లేకపోతే ఇవాళ నేను లేను, మామా. రాయనివ్వండి."

అతని మొహం చూసి ముసలాయన పక్కకి తప్పుకున్నాడు. సిలిఫా గడియ తీసి పిల్లని బయటికి తెచ్చింది. ఇయా చిటికెనవేలితో పిల్ల నాలుక మీద తేనె రాసింది. రిహానత్ అజోకె అని గనియు పిల్ల చెవిలో చెప్పాడు.

నలభై రోజులకి తల్లీబిడ్డల్ని తన బస్సులోనే లాగోస్‌కి తీసుకొస్తున్నాడు. సిలిఫా అతని వెనక సీట్లో కూర్చుంది. రోడ్డు ఖాళీ, ఎండ పల్చగా ఉంది, మనసు తేలిగ్గా ఉంది. మనిషి ఎంత త్వరగా మర్చిపోతాడో తలుచుకుంటే నాకు భయమేస్తుంది. కాలు దానంతటదే కిందికి దిగింది. ఎనభై, తొంభై.

"రిహానత్ నాన్నా," అంది సిలిఫా, ఊపిరాడనట్టు. "నా తొడలు నలిగిపోతున్నాయి."

"ఏమైంది?"

"పిల్ల. ఎత్తలేకపోతున్నాను."

గనియు అద్దంలోకి చూశాడు. పిల్ల గుప్పిళ్ళు మూసుకుని హాయిగా నిద్రపోతోంది. తల్లీబిడ్డల కింద సీటు లోపలికి కుంగిపోయింది. కాలు తీశాడు.

"ఇప్పుడో?"

"ఇప్పుడు పర్లేదు." సిలిఫా కాళ్ళు సర్దుకుంది. "తేనె రాయించింది నువ్వేగా, మరి."

ఓగెరె వంపు దగ్గర ఎవరో పరిచిన ఆకులు కనిపించాయి. గనియు ఇంకా మెల్లగా పోనిచ్చాడు. వంపు అవతల ఏమీ లేదు. వెనక నుంచి ఒక బస్సు హారన్ మోగిస్తూ, తిట్టుకుంటూ దాటిపోయింది. అతను బండి పక్కకి ఆపి దిగాడు, వెనక్కి నడిచి ఆ ఆకులన్నీ ఏరి పారేశాడు. తిరిగొచ్చి, పిల్ల మొహం కనబడేలా అద్దాన్ని కాస్త కిందికి వంచుకుని, బయలుదేరాడు.