చార్జి తీసుకునేవాళ్లు

సరసమ్మకు హోసూరు బదిలీ ఆర్డరు 1986 జూన్ రెండోవారంలో వచ్చింది. నాలుగేళ్లుగా అడుగుతున్న బదిలీ అది. ధర్మపురిలో ఒక ప్రభుత్వ హయ్యర్ సెకండరీ స్కూల్లో ఆమె ఫిజిక్సు టీచరు. భర్త వెంకటరామప్ప హోసూరులో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఏడేళ్ల కూతురు మునిలక్ష్మి అక్కడే అవ్వ దగ్గర పెరుగుతోంది. సరసమ్మ ధర్మపురిలో ఒక అద్దెగదిలో ఉంటూ, శనివారం సాయంత్రం పాలకోడు మీదుగా పోయే బస్సెక్కి హోసూరు చేరి, ఆదివారం పొద్దు వాలకముందే తిరుగుబస్సు ఎక్కేది.

హెడ్మాస్టరు అన్బళగన్ ఆర్డరును రెండుసార్లు చదివాడు. "చాలా సంతోషం టీచర్," అన్నాడు తమిళంలో. తర్వాత కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు. "మరి కంప్యూటర్ల చార్జి ఎవరికిస్తారు?"

"మీరు ఎవరికివ్వమంటే వాళ్లకిస్తాను సార్."

"ఎవరు తీసుకుంటారు?"

సరసమ్మ ఆర్డరు అందుకుని మడత పెట్టింది.

కిందటేడు ఢిల్లీ నుంచి వచ్చిన ఒక పథకం కింద ఆ స్కూలుకు నాలుగు కంప్యూటర్లు, వాటికి నాలుగు టీవీలు, పాఠాలు ఎక్కించడానికి టేపు రికార్డర్లు, ఒక పెట్టెడు క్యాసెట్లు వచ్చాయి. సరసమ్మనూ, కొత్తగా చేరిన ఒక కెమిస్ట్రీ టీచర్నూ సేలం పంపి మూడువారాలు నేర్పించారు. మూడునెలలు తిరక్కముందే ఆ కెమిస్ట్రీ టీచరు బ్యాంకు ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. అప్పటినుంచి ప్రతి వస్తువూ, ప్లగ్గులూ వైర్లతో సహా, సరసమ్మ ఒక్కదాని సంతకం కింద ఉంది. ఆమె స్కూలు విడిచి పోవాలంటే అవన్నీ నడపడం తెలిసిన ఇంకో టీచరు సంతకం చేసి తీసుకోవాలి. ముప్పైరోజుల్లో హోసూరులో చేరకపోతే ఆర్డరు రద్దవుతుంది.

ఆ మధ్యాహ్నం ఆమె స్టాఫ్‌రూములో ఒక్కొక్కరినీ అడిగింది. "పదిరోజులు చాలు. నేను నేర్పిస్తాను. అంత కష్టమేమీ కాదు." ఒకరు కళ్లు సరిగా కనబడవన్నారు. ఒకరు తమకు ఇంగ్లీషు అంతగా రాదన్నారు. బాటనీ టీచరు వడివేలు మాత్రం ఉన్నమాట చెప్పాడు.

"నేర్చుకోవడం కష్టమని కాదు టీచర్. ఈత రానివాణ్ని బావిలోకి దిగమని ఎవరూ అడగరు. వచ్చని తెలిసిందంటే ఇక ఒడ్డున నిలబడనివ్వరు. మిమ్మల్ని చూస్తూనే ఉన్నాం గదా."

ఆమెకు కోపం రాలేదు. వడివేలు చోట తానున్నా అదే అనేదేమో.

కంప్యూటర్ల గది ఒకప్పుడు కుట్టుపని నేర్పే గది. దుమ్ము పడకూడదని హెడ్మాస్టరు కిటికీలకు మేకులు కొట్టించి, లోపల మందపాటి తెరలు వేయించాడు. చెప్పులు బయటే విడవాలి. వోల్టేజి పడిపోతే స్టెబిలైజరు టకటకమని కొట్టుకునేది. కరెంటు పోతే ఫ్యాను కూడా ఆగి, గదిలో పిల్లల చెమట వాసన, కొత్త ప్లాస్టిక్ వాసన కలిసి ఊపిరాడేది కాదు. నాలుగు కంప్యూటర్లు, నాలుగు టీవీలు, ఒక సరసమ్మ. అన్నీ కలిపి ఒకే లెక్కలో రాసినట్టు ఆమెకు అనిపించేది.

అయినా ఆమె ఆ గదికి తాళం వేసి ఉంచలేదు. ప్లస్ ఒన్, అంటే పదకొండో తరగతి వాళ్లకు వారానికొక పీరియడు చూపిస్తే చాలని రూలు. ఆమె పదో తరగతి పిల్లలకు కూడా స్కూలయ్యాక ఒక గంట ఇచ్చేది. పథకంతో వచ్చిన క్యాసెట్లలో పాఠాలన్నీ ఇంగ్లీషులో, మంచు కురిసే ఊళ్ల గురించీ, ఓడరేవుల గురించీ ఉండేవి. పిల్లలు బొమ్మ చూసి నవ్వేవాళ్లు, అంతే. అందుకని సేలంలో నేర్చుకున్నది గుర్తుచేసుకుంటూ ఆమె స్వయంగా ఒక పాఠం రాసింది. పాలకోడు మార్కెట్టుకు టమోటాల ట్రాక్టరు ఒకటి బయలుదేరుతుంది. ముప్పావుగంట తర్వాత అదే దారిలో బస్సు బయలుదేరుతుంది. రెండింటి వేగం పిల్లలే కీబోర్డు మీద కొట్టాలి. కొట్టగానే టీవీ తెరమీద రెండు గీతలు మెల్లగా పైకి పాకుతాయి. బస్సు ట్రాక్టర్ను ఎక్కడ అందుకుంటుందో అక్కడ అవి కలుస్తాయి.

ఆ పాఠం దగ్గరినుంచి లేవని పిల్ల తాయమ్మ. కట్టడం పనికి పోయే కుటుంబం వాళ్లది. ఇంట్లో తెలుగు. క్లాసులో నోరు విప్పేది కాదు. లెక్కల సారు ఎల్లప్పన్ చేతిలో బెత్తం లేకుండా ఎవరూ చూడలేదు. ఆ బెత్తం దెబ్బలు ఎక్కువగా తిన్నది తాయమ్మే. ఇక్కడ ఆమె బస్సు వేగం ట్రాక్టరు కంటే తక్కువ పెట్టి చూసింది. గీతలు కలవలేదు. సమానంగా పెట్టింది. పక్కపక్కనే పోయాయి. ముప్పైసార్లు మార్చి చూసింది.

"ఇన్నిసార్లు తప్పు కొడితే భయం కాలేదా?" సరసమ్మ తెలుగులో అడిగింది.

"లేదు టీచర్. ఇది మనల్ని కొట్టేది లేదు గదా," అంది తాయమ్మ తెరమీదినుంచి కళ్లు తిప్పకుండానే. తర్వాత, "సమీకరణమంటే ఇదేనా? రెండూ కలిసే తావును కనుక్కొనేదా?" అని అడిగింది.

"అదే."

"ఇంతేనా?" తాయమ్మ గొంతులో కోపముంది. ఇంత చిన్న సంగతికి తనను ఇన్నాళ్లు ఏడిపించారా అన్న కోపం.

ఆర్డరు వచ్చిన రెండో ఆదివారం హోసూరులో మునిలక్ష్మి తల్లి దువ్వెన పట్టుకుంటే తల వెనక్కి లాక్కుంది. "నువ్వొద్దు. అవ్వ దువ్వితేనే నెప్పి ఉండదు," అంది. సరసమ్మ దువ్వెన అత్త మారియమ్మ చేతికిచ్చింది.

"జూలైలో వచ్చేస్తావు గదా?" అన్నాడు వెంకటరామప్ప. అతను ఆమెకు సొంత మేనమామ కొడుకు.

"చార్జి తీసుకొనేదానికి ఎవరూ రాలేదు మామా."

"ఆ పెట్టెలకు కాపలా నువ్వొక్కదానివేనా? గది తాళం సావి బల్లమీద పారేసి వచ్చెయ్యి."

"పారేసి వస్తే ఉద్యోగం పోతాది."

అతను చొక్కా వేసుకుని బయటికి పోయాడు. ఆమె బస్సు వేళకు గానీ తిరిగి రాలేదు.

గడువులో పదహారోరోజున పదో తరగతి లెక్కల క్లాసులో ఎల్లప్పన్ సారు సమీకరణాలు చెబుతూ తాయమ్మను బోర్డు దగ్గరికి పిలిచాడు. ఆమె సుద్దముక్క తీసుకుని రెండు గీతలు గీసి, అవి కలిసేచోట సున్న చుట్టి, జవాబు అక్కడుందని చెప్పింది. తర్వాత పుస్తకంలో ఉన్న పద్ధతిలో చేసి అదే జవాబు తెచ్చింది. ఎల్లప్పన్ ఏమీ అనలేదని పిల్లలు సాయంత్రం సరసమ్మతో చెప్పారు. ఆయన ఏమీ అనకపోవడమే వాళ్లకు వింత.

పిల్లలు వెళ్లాక గది తలుపు దగ్గర ఎల్లప్పన్ నిలబడి ఉన్నాడు. చెప్పులు అప్పటికే విడిచాడు.

"ఏమమ్మా, లోపలికి రావచ్చునా?" అన్నాడు.

తెలుగు విని సరసమ్మ తెల్లబోయింది. ఆరేళ్లుగా ఒకే స్టాఫ్‌రూములో కూర్చుంటున్నారు. "సార్, మీది తెలుగా?"

"ఇంట్లో తెలుగే. నల్లంపల్లి పక్కన మా ఊరు. ఇస్కూల్లో మాట్లాడేదానికి ఎవరుండారు?" ఆయన కుర్చీ అంచున కూర్చున్నాడు. "ఆ పిల్లను ఈ లెక్కకే మూడుసార్లు కొట్టినాను. ఈ పొద్దు అదే లెక్క అది నాకు చెప్పింది. ముప్పైరెండేళ్లు చెప్పినానమ్మా. బోర్డుమీద గీసిన గీత కదలదు. నీ పెట్టెలో కదులుతాదంట గదా. చూపించు."

ఆమె చూపించింది. ఆయన ఒక వేలితో అక్షరం వెతికి నొక్కాడు. ఏదో తప్పు పడింది. 'మిస్టేక్' అని తెరమీద వచ్చింది. ఆయన ఆ మాటను కాసేపు చూశాడు.

"నాకు ఈ మాట ఎవరైనా చెప్పి ఎన్నేండ్లాయనో," అని నవ్వాడు. సరసమ్మ కూడా నవ్వింది. ఆ గదిలో ఆమె నవ్వడం చాలా రోజుల తర్వాత.

రోజూ స్కూలయ్యాక ఆయన వచ్చేవాడు. ఏడోరోజుకు క్యాసెట్టులోనుంచి పాఠం ఎక్కించడం, వేగాల అంకెలు మార్చడం, కరెంటు పోతే స్విచ్చులు వరసగా ఆపడం అన్నీ ఆయనకు వచ్చేశాయి. ఎనిమిదోరోజు ఆమె అడగకముందే, "నేను తీసుకుంటానమ్మా చార్జి. నువ్వు పో. పిల్ల దగ్గరికి పో," అన్నాడు.

సరసమ్మ ఆ రాత్రి ట్రంకుపెట్టె కిందికి దించి సగం చీరలు సర్దుకుంది.

అన్బళగన్ సంతోషంగానే పై ఆఫీసుకు రాసి, మనిషి చేత పంపించాడు. జవాబు గడువులో ఇరవైతొమ్మిదోరోజు వచ్చింది. ఎల్లప్పన్ రిటైర్ కావడానికి ఇంకా ఇరవైనెలలే ఉన్నాయనీ, అయిదేళ్లయినా సర్వీసు మిగిలిన వాళ్లకే ఇలాంటి యంత్రాలు అప్పగించాలనీ అందులో ఉంది. హెడ్మాస్టరు ఆ కాగితాన్ని ఆమె వైపు తిప్పాడు. "నేను చేయగలిగింది చేశాను టీచర్." అది నిజమే. పోట్లాడటానికి ఆమెకు ఒక్క మనిషీ దొరకలేదు.

మరుసటిరోజు సాయంత్రం అయిదింటికి బదిలీ రద్దయింది. ఆ గంట ఆమె మేకులు కొట్టిన ఆ గదిలోనే ఉంది. పిల్లలు ట్రాక్టర్నూ బస్సునూ పరుగెత్తిస్తున్నారు. ఎల్లప్పన్ వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నాడు. "నా సంతకం పనికి రాలేదమ్మా," అన్నాడు నేల చూస్తూ. కాసేపటికి, "పాఠం చెప్పేదానికి సంతకం ఏంటికి? నువ్వు గదిలో ఉంటే చాలు, క్లాసు నేను చూసుకుంటాను," అన్నాడు.

సాయం చేస్తానన్న మనిషి నోటినుంచి కూడా వచ్చింది ఆ మాటే: నువ్వు గదిలో ఉంటే చాలు. ఆమెకు ఏడుపు వచ్చింది. కిటికీ తెరవైపు తిరిగి ఆపుకుంది.

ఆదివారం హోసూరులో ఆమె అంతా చెప్పింది. వెంకటరామప్ప గట్టిగా అరిచాడు. మళ్లీ రాయమన్నాడు, మంత్రిని చూడమన్నాడు, చివరికి ఉద్యోగం మానెయ్యమన్నాడు. మారియమ్మ వక్క కొరుకుతూ అంతా విని, కొడుకు అలిసిపోయేదాకా ఆగింది.

"ఆర్డరు వచ్చేదాకా పిల్ల ఎదగకుండా కూచోని ఉంటాదా?" అంది. "కోడలు రాలేకుంటే మేము పోతాము. నేనూ, పిల్లా."

"మరి నేను?" అన్నాడు వెంకటరామప్ప.

"నీకు చేతులుండాయి గదా. సోరు వండుకొనేది నేర్చుకో."

"ఒక గది అత్తా అది," అంది సరసమ్మ. "ముగ్గురం పడుకొంటే కాళ్లు గోడకు తగుల్తాయి."

"తగలనీ," అంది మారియమ్మ.

మునిలక్ష్మి మాత్రం రెండురోజులు ఏడ్చింది. తన స్కూలు, తన స్నేహితురాలు, పక్కింటి దూడ, అన్నీ ఇక్కడే ఉన్నాయి. తల్లి తనకోసం ఇక్కడికి రాకుండా తననే అక్కడికి లాక్కుపోతోందని ఆ పిల్లకు అర్థమైంది. అది అబద్ధమని చెప్పడానికి సరసమ్మకు నోరు రాలేదు.

జూలై చివరి వారంలో వాళ్లు ధర్మపురి వచ్చారు. మునిలక్ష్మిని రెండో తరగతిలో చేర్చే రోజున ఎవరో ఆఫీసర్లు కంప్యూటర్లు చూడటానికి వస్తున్నారని హెడ్మాస్టరు కబురు పంపాడు. సరసమ్మ పోలేకపోయింది. అవ్వే తీసుకుపోయి చేర్పించింది. ఆఫీసర్లు పదకొండింటికి వచ్చి, తాయమ్మ చేతి కింద గీతలు కదలడం చూసి, బాగుందని చెప్పి, కాఫీ తాగి వెళ్లిపోయారు.

మధ్యాహ్నం మారియమ్మ క్యారియరు పట్టుకుని మనవరాలితో వచ్చింది. వరండాలో పిల్లల చెప్పుల వరస దగ్గర మునిలక్ష్మి ఆగిపోయింది.

"లోపలికి రా, అమ్మ పనిచేసే గది చూడు," అంది సరసమ్మ తలుపు దగ్గరినుంచి.

"నేను రాను."

"ఏంటికి?"

"దీంట్లోకి పోయినోళ్లను బయటికి విడవరంట. నాయన చెప్పినాడు."

లోపల తాయమ్మ, ఇంకో నలుగురు పిల్లలు ఎల్లప్పన్ సారుతో ఏదో అంకె గురించి వాదిస్తున్నారు. ఆయన గొంతు పెద్దదిగా ఉంది గానీ చేతిలో బెత్తం లేదు. సరసమ్మ కాసేపు వాళ్లను చూసింది. తర్వాత బయటికి వచ్చి వరండా నేలమీద చతికిలబడి కూర్చుంది.

"సరే, నేనే వచ్చినాను. ఇక్కడే తింటాము."

మునిలక్ష్మి కొంచెం దూరంగా, అవ్వకు ఆనుకుని కూర్చుంది. సరసమ్మ పెరుగన్నం కలిపి ముద్ద చేసి చెయ్యి చాపింది. పిల్ల ఆ చేతివైపు చాలాసేపు చూసింది. తర్వాత మోకాళ్లమీద ముందుకు జరిగి, ముద్ద నోట్లో పెట్టించుకుని, మళ్లీ అవ్వ దగ్గరికే జరిగింది.

క్లాసుల గంట కొట్టారు. సరసమ్మ రెండో ముద్ద కలిపింది.